అత్తగారి నోట్లో అడ్డాకు

రా, ఇటు దగ్గరికి జరుగు. గడప మీద కూర్చోకు, గడప మీద కూర్చున్నవాళ్ళకు కథ సగమే అందుతుంది, మిగతా సగం వీధి పాలవుతుంది. చాప మీదికి రా. ఆ చిక్కుడుకాయల చేట కూడా తెచ్చుకో, ఈనెలు తీస్తూ వింటే కథకు కథా తీరుతుంది, కూరకు కూరా తీరుతుంది. ఇవాళ నీకు షాకేరా సంగతి చెబుతాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నదల్లా ఒక్క ముక్క, అదీ వేరేవాళ్ళ పేరు మీద ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మన అడవి దాకా టీవీలు రాని రోజులవి. పినపాకలో బస్సు ఆగే చోట మక్సూద్ అనే దర్జీ దుకాణం పెట్టుకున్నాడు. మాట తక్కువ మనిషి. పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి. సూదులు ఉండబట్టి మాట తక్కువో, మాట్లాడే పని లేకుండా సూదులు పెట్టుకునేవాడో ఎవరికీ తెలియదు. అతని భార్య షాకేరా. ఇల్లందు పిల్ల, బొగ్గుబాయిలో పనిచేసే ఆయన కూతురు, ఏడో తరగతి దాకా తెలుగు బళ్ళో చదివింది. ఆమె నోటి ముందు కుట్టు మెషిన్ దిగదుడుపే. మెషిన్‌కైనా అప్పుడప్పుడు దారం తెగుతుంది.

దుకాణం ముందు పందిరి ఉండేది. పక్క తండా ఆడవాళ్ళు దాని కింద కూర్చుని అడ్డాకు విస్తళ్ళు కుట్టేవాళ్ళు. అడవిలో కోసుకొచ్చిన ఆకులు ఒళ్ళో పోసుకుని, సన్నటి వెదురుపుల్లలతో గుచ్చుతూ, మధ్యాహ్నం బస్సుకు కట్టలు ఎక్కించేదాకా అక్కడే. వాళ్ళందరికీ పెద్ద జమ్లి. కాళ్ళకు కడియాలు, మోచేతుల దాకా గాజులు, ఎవరికీ బెదరని కళ్ళు. ఊళ్ళోంచి పున్నమ్మ అనే ఆవిడ కూడా వచ్చి కూర్చునేది. పున్నమ్మ కుట్టేది తక్కువ, అడ్డం మాట్లాడేది ఎక్కువ.

వాళ్ళకు షాకేరా వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేది. 'మల్లెపందిరి మేడ' దాని పేరు, చారుమతీదేవి అనే ఆవిడ రాసింది. విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున ఒక మేడ, మేడలో హైమ అనే కోడలు, కోడలి నెత్తిన కామాక్షమ్మ అనే అత్త. పందిరి కింద ఉన్నవాళ్ళలో సముద్రాన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. కామాక్షమ్మను చూడనివాళ్ళు కూడా ఒక్కరూ లేరు, ఇంటింటికీ ఒకతె ఉంది.

పున్నమ్మ పోరు పడలేక షాకేరా ఒక నియమం పెట్టింది. కథకు అడ్డం మాట్లాడినవాళ్ళు ఒక అడ్డాకు పెదాల మధ్య ఇరికించుకోవాలి. ఆ వారం కథ అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఆకు జారితే అందరికీ చాయ్ కాచిపెట్టాలి. ఆ దెబ్బకు పందిరి కింద నిశ్శబ్దం వచ్చింది, పున్నమ్మ చేతి చాయ్ కూడా అందరికీ వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను. పత్రికను మణుగూరు నుంచి బస్సు కండక్టరు లచ్చిరాం తెచ్చి మక్సూద్ చేతిలో పెట్టేవాడు. మక్సూద్ దాన్ని తెప్పించేది కథ కోసం కాదు, అందులో వారం వారం వేసే కుట్టుపూల బొమ్మ కోసం. పత్రిక రావడమే తరువాయి, ఆ పేజీ చింపి, వెనక మైదాపిండి గంజి పూసి, దుకాణం గోడకు అంటించేసేవాడు. రవికెలు కుట్టించుకునేవాళ్ళు ఈ గులాబీ కావాలి, ఆ నెమలి కావాలి అని వేలు పెట్టి చూపించడానికి వీలుగా. ఆ బొమ్మ వెనకవైపే సీరియల్ చివరి పేజీ పడేది. ఇంకేముంది, ప్రతి వారం కథ ముగింపు గోడకేసి మొహం పెట్టుకుని ఉండిపోయేది.

మొదటిసారి హైమ పాలగ్లాసు పట్టుకుని మేడమెట్ల మీద నిలబడి ఉంది. వెనక నుంచి కామాక్షమ్మ పిల్లిలా వచ్చి... అంతే, పేజీ అయిపోయింది. పందిరి కింద పుల్లలన్నీ ఆగిపోయాయి.

"వచ్చి ఏం జేసింది?" అంది జమ్లి.

షాకేరా గోడ వంక చూసింది. గోడ మీద ఎర్రగులాబీ ఉంది. మొగుడి వంక చూసింది. మొగుడి మూతిలో సూదులున్నాయి. మళ్ళీ కాగితం వంక చూసి, అదే గొంతుతో, అదే జోరుతో, కామాక్షమ్మ చేత హైమను తోయించింది. హైమ పక్కకు తప్పుకుంది, పాలు మెట్టు మీద ఒలికాయి, ఆ పాల మీద అత్తగారే జారి, మెట్టుకొక దేవుణ్ణి తలుచుకుంటూ కిందిదాకా పోయింది.

ఆడవాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు. పున్నమ్మ ఆకు తీసి, "రాస్తే చారుమతమ్మే రాయాలె," అంది.

షాకేరాకు మొదట్లో అది దొంగచాటుగా బెల్లం తిన్నంత తీపిగా ఉండేది. తర్వాతి సంచికలో కామాక్షమ్మ నిక్షేపంలా కాఫీ తాగుతూ కనిపించేది.

"మొన్ననే గద నడుమిరిగింది?" అని జమ్లి అడిగేది.

"విశాఖపట్నంల పెద్ద దవాఖానా ఉన్నదక్కా. జల్దీ అతుకుతది."

అలా అతుకులేస్తూనే నెలలు గడిపింది. అతుకు వేయడం దర్జీ ఇంటి విద్యే కదా. కానీ ఒక వారం ఆమె చేతిలోంచి మంచి ముక్క పడింది. హైమకు ఆ ఇంట్లో ఎప్పుడూ అందరూ తినగా మిగిలిందే తిండి. ఆ వారం కామాక్షమ్మ భోజనానికి వచ్చి పీట మీద కూర్చున్న చోట పేజీ అయిపోయింది. షాకేరా గొంతు తగ్గించింది. హైమ చేత అత్తగారి ముందు ఒక ఉత్త విస్తరి వేయించింది. నీళ్ళు చల్లి తుడిచిన విస్తరి, అందులో మెతుకు లేదు. అత్తగారు తలెత్తి "ఏమిటిది?" అంది. హైమ చేతులు కట్టుకుని నిలబడి, "ఇన్నేళ్ళూ మీరు నాకు వడ్డించిన మాటలండీ. ఒక్కటీ పారేయకుండా దాచిపెట్టాను. మొహమాటపడకుండా తినండి," అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. జమ్లి పైటకొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ సాయంత్రం ఇంటికి పోయి, కూరలో ఉప్పు తక్కువని రోజూ సణిగే మొగుడు రూప్‌సింగ్ ముందు ఉత్త విస్తరి వేసింది. రూప్‌సింగ్ విస్తరి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, లేచి తన రొట్టె తానే కాల్చుకున్నాడు. సంగతి బస్సెక్కింది. చర్ల సంతలో కూడా ఆడవాళ్ళు మొగుళ్ళను 'ఉత్త విస్తరి వేస్త చూడు' అని బెదిరిస్తున్నారని లచ్చిరాం వచ్చి చెప్పాడు. చెప్పి, "గా చారుమతీదేవి ఎవలో గానీ, చేతులకు దండం పెట్టాలె," అన్నాడు.

షాకేరా పెనం మీద రొట్టె మాడిపోయింది.

మర్నాడు ఆగలేక అనేసింది. "జమ్లక్కా, ఆ ఉత్త విస్తరి ముచ్చట నాది."

"నీదేంది?"

"నేనే అల్లిన. పత్రికల గది లేనే లేదు."

జమ్లి ఆమె గడ్డం పట్టుకుని ముద్దుగా ఊపింది. "నువ్వు మస్తు సదువుతవ్ బిడ్డా, కాదన్న. గానీ కథ అల్లుడంటే గంత అల్కనా? పట్నంల ఫ్యాను కింద కుర్చీ ఏసుకోని కూసుంటరు. ఆలోచన జేస్తరు."

"అవ్, ముందట ఫ్లాస్కుల కాఫీ ఉంటది," అంది పున్నమ్మ, తాను పోయి పోసి వచ్చినట్టు.

సరే, ఇలా కాదనుకుంది షాకేరా. తర్వాతి వారం హైమ రైల్లో ఏడుస్తూ పోతుంటే ఎదురు సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టింది. ఇల్లందు షాకేరాబీ అని, తెలివైనది, మంచి మాటకారి, దర్జీ భార్య. ఆ షాకేరాబీ హైమ కన్నీళ్ళు తుడిచి, మూడు మాటల్లో దారి చూపించింది. చదవడం ఆపి ఇప్పుడేమంటారో అని అందరి మొహాలూ చూసింది.

పున్నమ్మ నోరు తెరిచింది. "చూసినవానే? చారుమతమ్మకు నీ పేరు సుత ఎరికే. గందుకే గంత పెద్దామె అయ్యింది."

దాంతో షాకేరా ఒట్టు పెట్టుకుంది, సాక్ష్యం చూపిస్తానని. సాక్ష్యం గోడకే ఉంది కదా. మక్సూద్ భోజనానికి పోయిన సమయం చూసి అందరినీ దుకాణంలోకి తీసుకుపోయింది. ఉత్త విస్తరి వారం పేజీ మీద నెమలి బొమ్మ ఉంది. దాన్ని నీళ్ళతో తడిపి, గోటితో అంచు లేపి, మెల్లగా లాగారు. నెమలి తోక వచ్చింది, నెమలి రాలేదు. తోక వెనక మైదా గంజి ముద్ద, దాంట్లో సగానికి సగం చచ్చిన చీమలే, చీమల మధ్య 'అయ్యో' అన్న ఒక్క మాట. మిగిలినదంతా ఎప్పుడో బొద్దింకలు చదివేసుకున్నాయి.

"అయ్యో అని ఉన్నది గద," అంది పున్నమ్మ. "ఉత్త విస్తరి చూసి అత్త అన్నట్టున్నది."

వెనక మక్సూద్ నిలబడి ఉన్నాడు. సూదులు తీసి అన్నాడు, "నెమలి ఏం జేసిందే నిన్ను?" మళ్ళీ సూదులు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత భద్రాచలం తిరునాళ్ళు వచ్చాయి. కల్యాణానికి వచ్చే జనం అంతా ఇంతా కాదు, విస్తళ్ళు ఎన్ని కుట్టినా చాలవు. జమ్లి తన కట్టలతో వచ్చింది. షాకేరా అన్న జానీ మియా గోదావరి రేవుకు పోయే దారిలో గాజుల దుకాణం వేసేవాడు, అన్నకు చేతిసాయంగా షాకేరా వచ్చింది. విస్తళ్ళు చాలావరకు అమ్ముడుపోయాక జమ్లి మిగిలిన కట్ట పక్కన పెట్టుకుని గాజులు చూస్తూ కూర్చుంది.

అప్పుడొచ్చింది ఒకావిడ. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, వెనక గొడుగు పట్టే మనిషి. పచ్చగాజులు చూపించమంది. షాకేరా ఆవిడ చేతికి గాజు ఎక్కిస్తూ మొహం చూసి ఆగిపోయింది. వారం వారం సీరియల్ పైన చిన్న గుండ్రంలో చూసే మొహమే. కాకపోతే పత్రికవాళ్ళు పాత ఫోటో వేస్తున్నారు.

"మీరు చారుమతీదేవి గారు గద?"

"అవునమ్మా," అని ఆవిడ మురిసిపోయింది.

జమ్లి లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, నీ కడుపు సల్లగుండ. గా ఉత్త విస్తరి ముచ్చట ఎట్ల రాసినవమ్మా? మా తండల మొగోళ్ళందరు ఇప్పుడు రొట్టెలు నేర్సిండ్రు."

చారుమతీదేవి కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఆవిడకు ఉత్త విస్తరి తెలియదు, పాలమెట్లు తెలియవు, రైల్లో షాకేరాబీ అసలే తెలియదు. షాకేరా చేతిలో గాజులతోనే ముందుకు వంగింది. ఇప్పుడంటుంది, అది నేను రాయలేదమ్మా అని ఇప్పుడంటుంది. ఈవిడ నోటితో ఆ ఒక్క మాట అంటే చాలు.

జమ్లి కళ్ళలో నీళ్ళు చూసి ఆవిడ కనుబొమలు మెల్లగా విడిపోయాయి. "ఆ ఘట్టమా," అంది. "అది రాస్తున్నప్పుడు నాకూ కన్నీళ్ళు ఆగలేదు."

షాకేరా చేతిలో గాజులు చిట్లాయి.

"గాజులేం పాపం జేసినయే?" అన్నాడు జానీ మియా.

ఇక్కడ షాకేరా లోపల ఏం జరిగిందో నీకు చెప్పాలి. అరవాలనిపించింది. అరిస్తే ఎవరు నమ్ముతారు? పట్టుచీర ముందు గాజుల దుకాణం మాట ఎంత? పొయ్యి మీద పాలు పొంగినట్టు కోపం గొంతు దాకా వచ్చింది. ఇంతలో చారుమతీదేవే కుర్చీ లాక్కుని కూర్చుని, "హైమను ఇకముందు మీ అడవి పల్లెకు తీసుకొద్దామనుకుంటున్నానమ్మా. మీ వైపు వింత ఆచారాలు ఏవైనా ఉంటే చెప్పండి. ఎవరూ రాయనివి," అంది.

పొంగే పాల మీద చల్లనీళ్ళు చల్లినట్టు షాకేరా కోపం ఒక్కసారిగా దిగిపోయింది. మొహం మీదికి భక్తి వచ్చింది. అన్న జానీ మియాకు ఆ మొహం చిన్నప్పటినుంచీ తెలుసు, గబగబా అటు తిరిగి గాజులు తుడవడం మొదలుపెట్టాడు.

"ఎందుకు లేవమ్మా, ఉన్నయి. మా దిక్కు కొత్త కోడలు గడప దాటి లోపలికొచ్చిన దినం, అత్త నోట్లె అడ్డాకు పెడతరు. పొద్దు గూకేదాంక అత్త ఆకు తీయొద్దు, మాట మాట్లాడొద్దు. ఆకు జారిందనుకో, అత్తనే కోడలికి చాయ్ కాచియ్యాలె."

జమ్లి తెల్లబోయింది. "గదేందే షాకేరా, గది మన పందిట్ల..."

షాకేరా వంగి, పక్కనున్న కట్టలోంచి ఒక విస్తరి లాగి, దాంట్లోంచి ఒక అడ్డాకు పీకి జమ్లి ముందు చాపింది. కథ నడుస్తుండగా అడ్డం మాట్లాడింది. నియమం నియమమే. అలవాటుపడ్డ నోరు కాబట్టి జమ్లి ఆలోచించకుండానే ఆకును పెదాల మధ్య పెట్టేసుకుంది. పెట్టుకున్నాక గానీ ఏం చేసిందో ఆమెకు అర్థం కాలేదు. కళ్ళు ఇంత చేసుకుని షాకేరాను చూసింది. తీయడానికి మాత్రం వీల్లేదు.

"అబ్బ," అంది చారుమతీదేవి. "చూడగానే ఒళ్ళు గగుర్పొడిచింది. ఈవిడ కూడా అత్తగారేనా?"

"రేపో మాపో అయితది," అంది షాకేరా.

"ఎన్నాళ్ళ నాటిదమ్మా ఇది? మీ తాతల నాటిదా?"

జమ్లి ఆకు జారకుండా, ఎంతో గంభీరంగా తల ఊపింది. భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి. ఆవిడ అది భక్తి అనుకుంది.

వానలు పడ్డాక, పందిరి మీద గోనెపట్టా కప్పుకుని కూర్చున్న ఒక రోజు పత్రిక వచ్చింది. షాకేరా విప్పిన మొదటి పేజీలోనే బొమ్మ. పల్లెటూరి గుమ్మంలో హైమ, ఎదురుగా ఒక ముసలి అత్త, నోట్లో ఆకు. బొమ్మ గీసినాయన అడ్డాకు ఎన్నడూ చూడలేదు కాబోలు, ఆవిడ మేత మేస్తున్న మేకలా ఉంది. కింద అచ్చులో ఇలా ఉంది: 'అడవి పల్లెల్లో తరతరాలుగా వస్తున్న ఈ పవిత్రమైన ఆచారాన్ని రచయిత్రి ఏళ్ళ తరబడి పరిశోధించి సేకరించారు.'

షాకేరా చదివింది. ఈసారి ఒక్క అక్షరం కలపలేదు.

మొదట పున్నమ్మ కిసుక్కుమంది. ఆ తర్వాత పందిరే ఊగింది. కుట్టిన విస్తళ్ళు ఒళ్ళోంచి జారాయి. గుండుసూదులు తీసి గుడ్డకు గుచ్చి మరీ మక్సూద్ నవ్వాడు. అతని పళ్ళు అన్నేళ్ళలో తండావాళ్ళు చూడడం అదే మొదలు.

నవ్వు తగ్గాక జమ్లి మాత్రం ఒక్కతే కదలకుండా కూర్చుంది. లోపల ఏదో లెక్క సరిచూసుకుంటోంది.

"ఏళ్ళ తరబడి అన్నదా?" అంది.

"అవ్, అచ్చుల ఉన్నది."

"మన కండ్ల ముందట, గాజుల దుకాణంల, నీ నోట్లెకెల్లి తీసుకున్నది. తీసుకోని తనదే అన్నది." జమ్లి షాకేరా వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అంటే గా ఉత్త విస్తరి సుత గట్లనే అన్నదా? నేను ముచ్చట చెప్పంగనే ముందుగాల మొగం గట్ల ఎందుకు పెట్టిందో ఇప్పుడు సమజైంది. గది నీదే."

"పాల మీద జారుడు?" అంది పున్నమ్మ.

"గదీ షాకేరాదే."

"రైల్ల షాకేరాబీ?"

"నీకు ఇంక గది సుత చెప్పాల్నా?" అంది జమ్లి.

ఇన్నాళ్ళు ఎదురుచూసిన మాట. షాకేరాకు నోరు ఊరుకుంటుందా? "నేను అప్పుడే చెప్పిన గదక్కా, అసలు ఆ దినం నేను ఎట్ల అల్లిన్నంటే..." అని మొదలుపెట్టింది.

జమ్లి తన ఒళ్ళోంచి మంచి లేత అడ్డాకు ఒకటి ఏరి ఆమె ముందు చాపింది. "ఇప్పుడు కథ మేం చెప్తున్నం. అడ్డం మాట్లాడినవ్."

షాకేరా ఆకు అందుకుని పెదాల మధ్య పెట్టుకుంది. ఆ మధ్యాహ్నమంతా ఆడవాళ్ళు ఒక్కో ముక్కా గుర్తు చేసుకుని, ఇది షాకేరాది, అదీ షాకేరాదే అని పొగుడుతుంటే ఒక్క మాట మాట్లాడడానికి లేకుండా కూర్చుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆకు మాత్రం జారనివ్వలేదు. చాయ్ పున్నమ్మే కాచింది, అలవాటు చొప్పున.

సాయంత్రం ఆమె దుకాణంలోకి పోయి చూస్తే గోడ మీద ఆ వారం బొమ్మపేజీ తిరగేసి అంటించి ఉంది. పువ్వు గోడకేసి, సీరియల్ బయటకేసి. దాని పక్కనే మొదటి పేజీలోని మేక అత్తగారు కూడా ఉంది.

"గిట్ల అంటిస్తివి, పువ్వు ఎట్ల కనపడతది?" అని అడిగింది.

"ఎనక ఉన్నది," అన్నాడు మక్సూద్. "కావాలంటే అల్లుకోమను."

ఇంకొక్క ముక్క ఉంది, చెబితే గానీ కథ దిగదు. ఆ ఏడాదే జమ్లి కొడుకు మోతీ పెళ్ళయింది. పిల్ల తరఫువాళ్ళు ఇల్లందు దిక్కు నుంచి వచ్చారు, పత్రికలు చదివేవాళ్ళు. కోడలు గడప దగ్గర ఆగిపోయింది. అత్త నోట్లో ఆకు లేదేమని పిల్ల మేనత్త తగువు పెట్టింది. "పత్రికల రాసిండ్రు. తరతరాల ఆచారమట. మా పిల్లకే తక్కువ జేస్తరా?" అంది. జమ్లి ఎంత చెప్పినా వినలేదు. చివరికి షాకేరానే ఆకు తెచ్చి, "నియమం నియమమేనక్కా," అని జమ్లి పెదాల మధ్య పెట్టింది. పొద్దు గూకేదాకా తండాలో అంత ప్రశాంతంగా ఏ పెళ్ళీ జరగలేదని లచ్చిరాం బస్సులో అందరికీ చెప్పాడు. ఆ తర్వాత ఒక ఊరి నుంచి ఒక ఊరికి అది పాకింది. నిన్న మొన్న ఒక పెళ్ళిలో ఒక పెద్దమనిషి, ఇది రాములవారి కాలం నుంచీ ఉన్న ఆచారమని మైకులో చెబుతుంటే విన్నాను. ఊరుకున్నాను. నా నోట్లో తాంబూలం ఉంది.

చిక్కుడుకాయలు అయిపోయాయి కదా, ఇక లే. ఈ కథ నీ దగ్గర దాచుకోకు, నలుగురికి చెప్పు. నీకు నచ్చిన చోట ఇంకో ముక్క కలుపుకో, షాకేరా ఏమీ అనుకోదు, ఆమె పనే అది. కానీ మొదటి ముక్క ఎవరిదో పేరు పెట్టి చెప్పు. షాకేరా, ఇల్లందు పిల్ల, పినపాక దర్జీ మక్సూద్ భార్య. పేరు మింగేసి చెప్పావని నాకు తెలిసిందా, అడ్డాకు దొరకకపోతే ఈ చిక్కుడాకైనా తెచ్చి నీ నోట్లో పెడతాను.